ఈసారి మందుల చీటీ ఒక్కటే వచ్చింది

"పోయినసారి లెక్కనే రాయుండ్రి సార్. నాయిన మంచిగనే ఉన్నడు."

కొడుకు పాత చీటీ బల్ల మీద పెట్టాడు. డాక్టరు కలం తీశాడు గానీ రాయలేదు. చేవెళ్ల వైపు ఒక ఊళ్లో ఏళ్ల తరబడి క్లినిక్ నడుపుతున్న మనిషి. (పేర్లు రాయడం లేదు. ఇలాంటి ఇల్లు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది.) నాయిన రిటైరైన ఆర్టీసీ డ్రైవరు, 74 ఏళ్లు. గుండెపోటు తర్వాత పంపింగ్ 25 శాతానికి పడిపోయింది. ఏడాదిలో మూడుసార్లు ఊపిరాడక హైదరాబాద్ వెళ్లి, ఒంట్లో నీరు తీయించుకుని తిరిగొచ్చాడు. వచ్చిన ప్రతిసారీ గండం గడిచిందని ఇంట్లోవాళ్లు కొబ్బరికాయ కొట్టారు.

డాక్టరు లెక్క వేరే. ఉగాదికి ఆ పెద్దాయన టీవీఎస్ మీద తానే వచ్చి, వరస తప్పించారని కాంపౌండరుతో తగవు పెట్టుకున్నాడు. దసరాకి కొడుకు బండి వెనక కూర్చుని వచ్చాడు. ఆ తర్వాత ఆటోలో. ఇవాళ చీటీ మాత్రమే వచ్చింది.

"ఎన్ని దిండ్లు పెట్టుకుని పంటుండు?"

"దిండ్లేంది సార్, కుర్చీలనే కూసుని కునుకుతీస్తుండు."

సాయంత్రం క్లినిక్ మూసి డాక్టరు ఆ ఇంటికి వెళ్లాడు. వరండాలో పెద్దాయన బల్లకు మోచేతులాన్చి ముందుకు వంగి కూర్చున్నాడు. కాళ్లు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. చేతులు మాత్రం సన్నబడిపోయాయి. గడియారం మణికట్టు మీంచి జారి ముంజేతి సగం దాకా వచ్చింది. తూకం యంత్రం మీద నిలబెడితే బరువు తగ్గినట్టు కనిపించదు, కరిగిన కండని నీరు కప్పేస్తుంది. మాట్లాడితే రెండు మాటలకొకసారి ఆగుతున్నాడు. స్నానం మంచం పక్కనే.

క్యాన్సర్ అయితే ఇంత తికమక ఉండదు. రిపోర్టు ఉంటుంది, స్టేజి ఉంటుంది, చివరికి ఎవరో ఒకరు మాట చెబుతారు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు అలా కాదు. మనిషి పడిపోతాడు, లేస్తాడు, లేచిన ప్రతిసారీ ముందున్నంత ఎత్తుకి లేవడు. ఎడిన్‌బరోలో కుటుంబ వైద్యుడిగా పనిచేసిన స్కాట్ ముర్రే, ఆయన సహచరులు 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ తేడాలనే గీతలు గీసి చూపించారు. వృద్ధాప్యపు నీరసానిదీ, మతిమరుపు జబ్బుదీ ఇంకో దారి, నెమ్మదిగా సాగే దిగుడు.

డాక్టర్లు తమలో తాము వేసుకునే ప్రశ్న ఒకటుంది: వచ్చే ఏడాదిలోగా ఈ మనిషి పోతే నేను ఆశ్చర్యపోతానా? ఆశ్చర్యపోను అనిపిస్తే ఉపశమన వైద్యం గురించి మాట్లాడే వేళైందని అర్థం. అది జోస్యం కాదు. క్యాన్సర్ కాని జబ్బుల్లో గురి తప్పడం ఎక్కువే. అందుకే ఎడిన్‌బరో వాళ్లే 'స్పిక్ట్' పేరుతో ఒక కాగితం తయారుచేశారు. అనుకోని ఆసుపత్రి చేరికలు, సగం రోజుకు పైగా మంచంలోనో కుర్చీలోనో గడవడం, మందులు సరిగ్గా వాడుతున్నా తగ్గని ఆయాసం, చూసుకునేవాళ్లు అలసిపోవడం ఇందులో కొన్ని గుర్తులు. నన్నడిగితే, మందులకు ఎవరొచ్చారన్నది కూడా ఆ కాగితంలో చేర్చాలి.

"నాయినకు చెప్పకుండ్రి సార్," అన్నాడు కొడుకు గేటు దగ్గర.

డాక్టరు చెప్పలేదు, అడిగాడు. "పెద్దాయనా, మీకేమనిపిస్తుంది?"

"నీకు తెల్వదా సారూ? ఇంజన్ అయిపోయింది. బండిని ఎన్నిసార్లు షెడ్డుకు తోలుతరు?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "గా ఐసీయూల పైపులు పెట్టి పండవెట్టకుండ్రి. ఈడనే ఉంట."

కొడుకు ముఖం మాడ్చుకున్నాడు. "అంటే మందులు బంద్ చేస్తరా?"

"కొలెస్ట్రాల్ గోలీ ఒక్కటి తీసేస్త, దాంతోని ఇప్పుడు పనిలేదు. నీళ్ల గోలీ, గుండె గోలీలు నడుస్తయి. ఆయాసానికి ఇంకా చెయ్యాల్సింది ఉంది."

టేబుల్ ఫ్యాన్ తెప్పించి గాలి నేరుగా ముఖానికి తగిలేలా పెట్టించాడు. ఆయాసం మీద దాని గుణం పరీక్షల్లో తేలిందే. రాత్రి ఊపిరందకపోతే ఎలా కూర్చోబెట్టాలో, ఏ గోలీ అదనంగా వెయ్యాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో చీటీ వెనక రాశాడు. మార్ఫిన్ అవసరమైతే తన దగ్గర దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. 2014 సవరణ తర్వాత గుర్తింపు ఉన్న వైద్య సంస్థలకు కొంత సులువైంది. అందుకే చేవెళ్ల ప్రభుత్వాసుపత్రిలోని ఉపశమన వైద్య కేంద్రానికి ఉత్తరం రాసిచ్చాడు.

వారం తిరక్కుండా నర్సు ఇంటికొచ్చింది. పెద్దాయన కాళ్లు చూసి, గోలీలు లెక్కపెట్టి, వాకిట్లో నిలబడ్డ ఆయన భార్యని పిలిచింది.

"అమ్మా, నువ్వు కూసో. బీపీ చూస్త."

"నాకెందుకు బిడ్డా? రోగం ఆయనకు గదా."

"రాత్రి పంటున్నవా?"

ఆమె జవాబు చెప్పలేదు. బీపీ 180 ఉంది. నర్సు ఆమెకు వేరే చీటీ రాసి, రాత్రి కాపలా రోజు మార్చి రోజు కొడుకు కాయాలని అతని ఎదుటే చెప్పింది.