కరణం గీసిన గళ్లు

డేటాను బొమ్మలుగా చూపే టాబ్లో వంటి సాధనాన్ని కొత్తగా తెరిచినవారికి ముందు కనిపించేది ఖాళీ తెర. ఎడమ పక్క డేటా పట్టీ, పైన వరుసలకూ కాలమ్‌లకూ రెండు అరలు, వాటి పక్కన ఫిల్టర్లు, రంగూ పరిమాణమూ మార్చుకునే మార్క్స్ కార్డు. నేర్పేవారు ఏది ఎక్కడుందో చూపించి, గ్రాఫు గీయడంలోకి దిగిపోతారు. నిజానికి బొమ్మ ఏం చెబుతుందన్నది గీయకముందే చాలావరకు తేలిపోతుంది. ఏది వర్గంగా విడగొట్టాలి, ఏది కొలతగా కూడాలి, దేనికి కాలమ్ అసలే పెట్టకూడదు అన్న నిర్ణయాల్లోనే అది ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధన నుంచి 2003లో పుట్టిన టాబ్లో కంపెనీ ఈ పనికి చక్కని తెర అమర్చింది, అంతే. గళ్లు గీసినవాడి చేతిలో ఎంత బలం ఉంటుందో కృష్ణా డెల్టా పల్లెలకు అంతకు చాలా ముందే తెలుసు.

బెజవాడ (నేటి విజయవాడ) దగ్గర కృష్ణ మీద 1852లో మొదలైన ఆనకట్ట కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855కు పూర్తయింది. కాలువ నీరు పారినచోటల్లా మెట్ట మాగాణి అయింది, మాగాణి అయినచోటల్లా ప్రభుత్వానికి రాబడి పెరిగింది. 1865లో మద్రాసు ప్రభుత్వం నీటి తీరువాకు ప్రత్యేకంగా చట్టమే చేసింది. ఇక ఏ చేనుకు ఏ కాలువ నీరు పారింది, ఏ పంట వేశారు, ఎన్ని ఎకరాల ఎన్ని సెంట్లు అన్నది ఏటా రాసి తీరాల్సిన లెక్క. ఆ లెక్క పుస్తకమే అడంగల్. దానికి జోడీగా గ్రామ నక్షా, ఒక్కో చేను కొలతలతో ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) ఉండేవి. ఈ మూడింటినీ కలిపి కుట్టిన దారం సర్వే నంబరు. నక్షాలో చేను చూసి, ఆ నంబరుతో అడంగల్ తిప్పితే పంటా నీరూ పట్టాదారూ బయటపడతారు. ఇప్పుడు మ్యాపు మీద నొక్కితే పక్కన పట్టిక మారడం కూడా ఇదే పని, కాకపోతే రెప్పపాటులో జరుగుతుంది. ఆ నంబరు విషయంలో మాత్రం ఊరి లెక్కలు రాసే కరణం చేయని పొరపాటు యంత్రం చేస్తుంది. 12/3 అనే సబ్‌డివిజన్‌ను ఎక్సెల్‌లో నేరుగా కొడితే తారీఖుగా మార్చేస్తుంది. వట్టి 112 అయితే టాబ్లో కొలతనుకుని కూడటానికి సిద్ధపడుతుంది. అది అంకెల్లో రాసిన పేరేనని చెప్పాల్సింది మనమే.

కరణాన్ని పొగడటమేమిటని ఎవరైనా అడగవచ్చు. లెక్కలు తారుమారు చేసి ఊళ్లను ఆడించినవాళ్లు వాళ్లలో తక్కువేం కాదు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో ఆ వ్యవస్థను రద్దు చేసినప్పుడు కంటతడి పెట్టిన రైతులు ఎందరుంటారు! ఆ అభ్యంతరం న్యాయమైనదే, పైగా నా వాదనకే బలం. పుస్తకం ఒకరి చేతిలో ఉన్నప్పుడు కనిపించేదేదో, కనిపించనిదేదో వారే తేలుస్తారు. 2015లో ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమి వచ్చాక పుస్తకం అందరూ చూడగలిగే తెర మీదికి చేరింది. అది పెద్ద మేలే. అయితే పుస్తకం బయటికొచ్చినంత మాత్రాన గళ్లు మారిపోవు.

పన్ను ఎవరు కట్టాలన్న ప్రశ్న కోసం పుట్టిన లెక్క అది, దున్నేదెవరన్న ప్రశ్న కోసం కాదు. డెల్టాలో సాగులో పెద్ద భాగం కౌలు మీదే నడుస్తుంది, అదీ ఎక్కువగా నోటిమాట మీద. సాగుదారు పేరుకు గడి ఉన్నా, భూయజమాని జంకుతో అది ఖాళీగా మిగిలిపోవడమో, పట్టాదారు పేరే మళ్లీ పడటమో మామూలు. కౌలుదారుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో మరొకటి వచ్చాయి కదా, ఈ-క్రాప్ పంట నమోదులో సాగుదారును నమోదు చేస్తున్నారు కదా అనవచ్చు. చేస్తున్నారు, కానీ 2019 చట్టం కింద సాగు హక్కు పత్రం కావాలంటే యజమాని సమ్మతి కావాలి. సమ్మతి దొరకనిచోట గడి ఖాళీయే. ఖాళీ గడిని టాబ్లో ‘నల్’ అని చూపిస్తుంది. బొమ్మ శుభ్రంగా ఉండాలని దాన్ని ఫిల్టరులో తీసేస్తే, పెట్టుబడి పెట్టి పంట పండించిన మనిషే తెర నుంచి మాయమవుతాడు. వేరొకరి పేరు పడ్డ గడి ఇంకా ప్రమాదం, అక్కడ నల్ కూడా కనిపించదు.

ఇదంతా రెవెన్యూ గొడవే అనుకోనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులన్నది విజయవాడలో వానాకాలమంతా అందరి నోటా వినిపించే అంకె. 2024 సెప్టెంబరు 2న అది 11.43 లక్షలు దాటి, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డును చెరిపేసింది. కానీ నగరంలోని సింగ్ నగర్ మునిగింది అంతకు ముందు రోజే, అదీ గండ్లు పడ్డ బుడమేరు వాగు నీటితో. ఆ ఇళ్లకు అక్కరకొచ్చేది బ్యారేజీ అంకె కాదు, బుడమేరు మీది వెలగలేరు రెగ్యులేటరు అంకె. విజయవాడ కోసం వరద డ్యాష్‌బోర్డు తయారుచేసేవారు కృష్ణ పక్కన బుడమేరుకూ ఒక కాలమ్ పెట్టాలి, అదీ కిందికి జరిపితే కనిపించేచోట కాదు, మొదటి తెర మీదే. పంట డ్యాష్‌బోర్డు చేసేవారు నల్‌ను తీసేసే ముందు ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో రైతు సేవా కేంద్రానికి వెళ్లి అడిగి రావాలి.