మైనం మనది, మరి వత్తి?

తేనెపట్టు పిండాక మిగిలే మైనం మనకు కొత్త కాదు. ఆదిలాబాద్ ఓజ కళాకారులు మైనంతో బొమ్మకు రూపమిచ్చి, మట్టి పూసి కాల్చి, మైనం కరిగిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. ఆ డోక్రా కళకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే మైనంతో కొవ్వొత్తి చేస్తే ఒక్కోసారి కాసేపు వెలిగి ఆరిపోతుంది. తప్పు మైనానిది కాదు, వత్తిది.

వత్తికీ చరిత్ర ఉంది. పూర్వం యూరప్‌లో పేనిన నూలువత్తి వాడేవారు. అది నిటారుగా నిలబడి మసికట్టి పొగ చిమ్మేది. మాటిమాటికీ కొస కత్తిరించాల్సి వచ్చేది. 1825లో ఫ్రాన్స్‌లో కాంబసెరే జడలా అల్లిన వత్తి తెచ్చాడు. అది కాలుతూ పక్కకు వంగుతుంది. కొస మంట అంచుకు చేరి బూడిదవుతుంది. కత్తెర పని తగ్గింది.

తేనెమైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కరిగినా చిక్కగానే ఉంటుంది. సన్నవత్తి దాన్ని చాలినంత పీల్చలేదు. కరిగిన మైనంలోనే మునిగి ఆరిపోతుంది. మరీ లావైతే మంట పెరిగి పొగ వస్తుంది. అందుకే ఒకే మైనంతో, ఒకే కొలతలో మూడు కొవ్వొత్తులు పోసి, మూడు లావుల అల్లిన నూలువత్తులు పెట్టి, గంటసేపు వెలిగించి చూడాలి. పొగ లేకుండా, మైనం అంచుదాకా సమంగా కరిగించేదే సరైన వత్తి.

మైనాన్ని ముద్దగా అమ్మితే ముద్ద ధరే వస్తుంది. దాన్ని వెలుగుగా మార్చే పని మన పిల్లలకు బడిలోనే నేర్పుదాం.