కారు కదల్లేదు, రాష్ట్రమే కదిలింది

2024లో నేను రెండు కార్లు వదిలించుకోవాల్సొచ్చింది. ఒకటి కాలిఫోర్నియాలో నేను నడిపిన పాత కరోలా. రెండోది ఎటపాకలో మా నాన్న ఆల్టో. మొదటిది ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. రెండోది నడిచి వెళ్ళేంత దూరంలో, భద్రాచలంలో ఉన్న మా అక్కకి ఇవ్వడానికి నెలలు పట్టింది. ఎందుకా అని తవ్వుకుంటూ పోతే 1860 దాకా వెళ్ళాను. అందుకే ఈ టపా.

ముందు కరోలా సంగతి. ఇండియా తిరిగొచ్చేసేవాళ్ళని "కారు కూడా షిప్పులో వేసెయ్యొచ్చుగా" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అవ్వదండీ. మన దిగుమతి నియమాల ప్రకారం సెకండ్‌హ్యాండ్ కారు మూడేళ్ళకి మించి పాతది కాకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికా కారు ఆ రెండో షరతు దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి మనవాళ్ళందరూ చేసేదే నేనూ చేశాను. పొగ పరీక్ష సర్టిఫికెట్ తెచ్చి, టైటిల్ మీద సంతకం పెట్టి, ఇంకో తెలుగబ్బాయికి తాళాలు ఇచ్చేశాను. తర్వాత అమ్మినవాడు చెయ్యాల్సిన ముఖ్యమైన పని ఒకటుంది. ఇకపై ఈ బండికీ నాకూ సంబంధం లేదని అయిదు రోజుల్లోపు తెలియజెయ్యాలి. అది మర్చిపోయినవాళ్ళకి ఎవరివో టోల్ నోటీసులు వస్తుంటాయి. ప్లేట్లు కాలిఫోర్నియాలో కారుతోనే ఉండిపోతాయి, న్యూజెర్సీలో అయితే అమ్మినవాడు విప్పుకోవాలి. ఒకే దేశం, రెండు పద్ధతులు. అక్కడ రాష్ట్రం మారితే గడువులు కూడా చిన్నవే. కాలిఫోర్నియాకి వచ్చి స్థిరపడితే 20 రోజుల్లో, టెక్సస్‌లో 30 రోజుల్లో కారుని అక్కడ నమోదు చేయించాలి. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం పన్నెండు నెలలు టైమిస్తుంది.

కానీ ఆ చట్టం రాసినవాళ్ళు ఒకటే ఊహించారు, మనిషి రాష్ట్రం మారతాడని. మా ఊళ్ళో జరిగింది రివర్సు.

ఎటపాక, భద్రాచలం చుట్టుపక్కలవాళ్ళకి ఇది కొత్త కాదు. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలని ఇంగ్లీషువాళ్ళకి వదిలేశాడు. కొన్నాళ్ళు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలోకి వచ్చాం. అంటే మన తాతల కాలంలో నది ఇటు మద్రాసు, అటు బూర్గంపాడు నుంచి హైదరాబాద్ సంస్థానం. అక్కడ డబ్బు వేరు (హాలీ సిక్కా), సర్కారు భాష ఉర్దూ, పైగా సంస్థానానికి సొంత కస్టమ్స్. రాజమండ్రిలో కొన్న వస్తువు ఏదైనా సరే నది దాటితే దిగుమతి సరుకే. పడవెక్కి రాముణ్ణి చూడ్డానికి ఖమ్మం వైపు నుంచి వచ్చేవాళ్ళు ఒక రకంగా ఫారిన్ ట్రిప్పు చేసినట్టే :)

బండి నంబర్ల సంగతి చెప్పుకుంటున్నాం కాబట్టి ఇంకోటి. నిజాం రోడ్డు రవాణా 1932లో 27 బస్సులతో మొదలైంది. ఆర్టీసీ బస్సు నంబర్లలో ఉండే 'జెడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని చెప్పుకుంటారు. రాజ్యం పోయింది, అక్షరం మిగిలింది.

1956లో రెండు గట్లూ ఒక రాష్ట్రమయ్యాయి. 1959లో భద్రాచలం తూర్పుగోదావరి నుంచి విడిపోయి ఖమ్మం జిల్లాలో చేరింది. 1965లో వంతెనని రాష్ట్రపతి రాధాకృష్ణన్ ప్రారంభించారు. 1989 నంబరు పద్ధతిలో ఖమ్మం జిల్లాకి ఏపీ 20 వచ్చింది. మా నాన్న 2009లో ఆల్టో కొన్నప్పుడు దానికి పడింది ఆ నంబరే. అప్పట్లో ఎటపాక భద్రాచలం మండలంలోనే ఓ ఊరు. బజారుకి, ఆస్పత్రికి, సినిమాకి అన్నిటికీ భద్రాచలమే.

2014 మే నెలాఖర్లో పోలవరం ముంపు కారణంగా ఆర్డినెన్స్ వచ్చింది, జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడులో కొన్ని ఊళ్ళు, భద్రాచలం పట్టణం తప్ప దాని మండలం ఆంధ్రకి వెళ్ళాయి. పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోవాలంటే తెలంగాణలో బయల్దేరి, ఆంధ్ర ఊళ్ళు దాటి, మళ్ళీ తెలంగాణలో దిగాలి. 2015 ఏప్రిల్ నుంచి తెలంగాణ ఆంధ్ర బస్సుల మీదా లారీల మీదా పన్ను వసూలు మొదలుపెట్టింది. సొంత కార్లకి ఆ బాధ లేదు కాబట్టి మా ఇంట్లో ఎవరం పట్టించుకోలేదు. ఆల్టో రోజూ రాష్ట్రం దాటి కూరగాయలు తెచ్చేది.

నంబర్లు మాత్రం మారుతూనే ఉన్నాయి. అటు ఖమ్మం టీఎస్ 04 అయింది. 2016లో కొత్తగూడెం జిల్లా ఏర్పడి, భద్రాచలం అందులోకి వెళ్ళి టీఎస్ 28 అయింది. 2024 మార్చి నుంచి టీఎస్ కాస్తా టీజీ. ఇటు మేము తూర్పుగోదావరిలో కలిశాం, 2019లో ఆంధ్ర అంతటికీ ఏపీ 39 వచ్చింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మారాం. మా ఆల్టో షెడ్డులోనే ఉంది. దాని నంబరేమో మేము లేని జిల్లాది, దాని ముందక్షరాలేమో ఆ జిల్లా లేని రాష్ట్రానివి.

2024లో పదిహేనేళ్ళు నిండి ఆర్సీ రెన్యువల్‌కి వచ్చింది. నాన్నకి కంటిచూపు తగ్గింది, కారు అక్కకి ఇద్దామన్నారు. నేను ముగ్గురు ఏజెంట్లని అడిగితే మూడు జవాబులొచ్చాయి. నంబరు ఖమ్మంది కాబట్టి అటే చేయించాలని ఒకరు, అడ్రసు ఆంధ్రాది కాబట్టి ఇటేనని ఇంకొకరు. మూడో ఆయన తేలిగ్గా తేల్చేశాడు: "పేరు మార్చడమెందుకు బాబూ, తాళం ఇచ్చేయండి, సొంత అక్కే కదా."

ఈ మూడో సలహా దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే విదేశాలకి వెళ్ళేటప్పుడు మనలో చాలామంది చేసేది ఇదే. కారు బావమరిదికో ఫ్రెండుకో ఇచ్చేసి ఫ్లైటెక్కేస్తాం. నవీన్‌కుమార్ వర్సెస్ విజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది, ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరు, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యతా వాళ్ళదే అని. ఆ కేసులో కారు వరుసగా నలుగురి చేతులు మారింది. అయినా మొదటివాడి పేరే రికార్డులో ఉంది, అతనే దొరికాడు. అక్క నడిపి ఏదన్నా జరిగితే డెబ్భై ఏళ్ళ నాన్న కోర్టు చుట్టూ తిరగాలి.

అసలు చిక్కు ఎక్కడుందంటే, రిజిస్ట్రేషన్ చట్టం కేంద్రానిది, దేశమంతా చెల్లుతుంది. వాహనాల మీద పన్ను మాత్రం రాజ్యాంగం రాష్ట్రాలకి ఇచ్చింది. అందుకే కారు మకాం మారినప్పుడల్లా పాత రాష్ట్రం ఎన్వోసీ ఇవ్వాలి, కొత్త రాష్ట్రం నంబరివ్వాలి, మధ్యలో పన్ను లెక్క తేలాలి. 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ దీన్ని కొంత తగ్గించింది, రెండేళ్ళకోసారి పన్ను కడితే చాలు. అయితే అది ప్రభుత్వోద్యోగులకి, నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీవాళ్ళకి. నాకు దొరుకుతుంది. కదలకుండా కూర్చున్న నాన్నకి దొరకదు.

చివరికి ఆంధ్ర వైపే అయిదేళ్ళకి రెన్యువల్ చేయించి, ఆ తర్వాత ఎన్వోసీకి పెట్టాం. కాగితాల పని నడిచినన్నాళ్ళూ అక్క ఆదివారాలు వచ్చి, స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఇంజన్ నడిపి, తాళాలు నాన్నకిచ్చి ఆటోలో వెళ్ళిపోయేది. కొత్త నంబరు టీజీ 28తో వచ్చింది. పాత ఏపీ 20 ప్లేట్లు పారేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు, కోళ్ళ గూటికి తలుపు కింద కొట్టించారు.