యంత్రము చెప్పిన లెక్క

లెక్కకు ప్రాణము నమ్మకము. మన పల్లెలలో చిట్టా, ఆవర్జా వ్రాసిన పెద్దలు అంకె తప్పినచో గీకి మాపెడివారు కారు. పైన గీత గీచి, ప్రక్కన సరియైన అంకె వేసి, చేవ్రాలు చేసెడివారు. తప్పెచ్చట జరిగెనో, ఎవరిచేత జరిగెనో కాగితమే చెప్పెడిది. సాయంకాలమునకు రోకడ నిల్వ కుదరకున్నచో, దీపము ముందు కూర్చుండి మొదటి పద్దునుండి మరల చూచుకొనుటకు వీలుండెడిది. ఆ లెక్క కంటికి కనబడని యంత్రగర్భములోనికి పోయిన పిమ్మట, తప్పు జరిగినచో చూపువాడెవడు? బ్రిటనుదేశపు పల్లెలలోని చిన్న దుకాణదారులు ఇరువది సంవత్సరములకు పైగా ఈ ప్రశ్నకు తమ మానమును, ధనమును వెచ్చించి సమాధానము వెదకిరి. వారి చరిత్ర లెక్క వ్రాయు ప్రతివాడును తెలిసికొనదగినది.

ఆ దేశములో పల్లె తపాలా కార్యాలయము పెక్కుచోట్ల ఒక అంగడిలో ఒక మూల నుండును. దానిని నడుపు సబ్ పోస్టుమాస్టరు జీతగాడు కాడు. తన సొమ్ముతో అంగడి పెట్టుకొని, తపాలా సంస్థతో ఒడంబడిక చేసికొన్నవాడు. స్టాంపులమ్ముట, పింఛనులిచ్చుట, సొమ్ము జమకట్టుట అతని పని. తన అజాగ్రత్తవలనగాని పొరపాటువలనగాని తరుగు వచ్చినచో అతడు పూడ్చవలెనని ఒడంబడిక. సంస్థవారు మాత్రము తరుగేదైనను అతనిదే యని అర్థము చెప్పిరి. పూర్వము అతడు వారము వారము కాగితముపై లెక్క కట్టెడివాడు. 1999 మొదలుకొని, జపానుదేశపు ఫుజిత్సు కంపెనీకి చెందిన ఐ.సి.ఎల్. వారు తయారుచేసిన హొరైజన్ అను కంప్యూటరు విధానమును ఈ కార్యాలయములందు నెలకొల్పిరి.

కొలదికాలములోనే వింతలు పొడసూపినవి. కారణము తెలియకుండగనే యంత్రము తరుగు చూపసాగెను. సహాయమునకై టెలిఫోనులో మొరపెట్టుకొన్నవారిలో పెక్కుమందికి, ఇట్టి చిక్కు మీ యొక్కరికే వచ్చినదను సమాధానము లభించెను. హాంప్‌షైరులోని సౌత్ వార్న్‌బరో అను పల్లెలో జో హామిల్టన్ అను స్త్రీ, సుమారు 2,000 పౌనుల తరుగును సవరించుటకై టెలిఫోనులో చెప్పిన ప్రకారము మీటలు నొక్కగా, ఆమె కన్నులయెదుటనే ఆ తరుగు ఇబ్బడియయ్యెను. తుదకు 36,000 పౌనులు దొంగిలించెనని ఆమెపై అభియోగము వచ్చెను. దొంగతనపు నేరము తప్పిన చాలునని, చేయని నేరమైన తప్పుడు లెక్కల వ్రాతను ఆమె ఒప్పుకొనవలసివచ్చెను. 2008లో శిక్ష పడెను. ఊరివారు మాత్రము ఆమెను దొంగయని నమ్మలేదు. చందాలు పోగుచేసి ఆ సొమ్ము కట్టుటకు తోడ్పడిరి. న్యాయస్థానమునకును వెంట వెళ్లిరి. యంత్రమునకు తెలియని లెక్క ఊరికి తెలిసినది.

న్యాయస్థానములందు ఈ దుర్బలుల మాట ఏల చెల్లలేదు? ఇంగ్లాండులో 1984 నాటి చట్టము ప్రకారము, కంప్యూటరు వ్రాతను సాక్ష్యముగా పెట్టువాడు ఆ యంత్రము సరిగా పనిచేయుచుండెనని చూపవలసియుండెను. 1999 నాటి మరియొక చట్టము ఆ నిబంధనను తీసివేసెను. అటుపిమ్మట యంత్రము సరియైనదే యని ముందుగా భావింతురు. కాదనువాడు ఆధారము చూపవలెను. యంత్రగర్భమును తెరచి చూడ వీలులేని అంగడివాడు ఏమి చూపగలడు? పైగా తపాలా సంస్థ తానే నేరము మోపి వ్యాజ్యము నడుపుచుండెను. సొమ్ము పోయినదనువాడును, విచారించువాడును, నేరము మోపువాడును ఒక్కడే యయ్యెను. 1999కిని 2015కిని నడుమ 900 మందికి పైగా దోషులుగా నిర్ణయింపబడిరి. వారిలో సుమారు 700 మందిపై వ్యాజ్యము నడిపినది ఆ సంస్థయే.

ఉత్తర వేల్సులో లాండుడ్నో పట్టణము చెంత అంగడి నడిపిన ఆలన్ బేట్స్ అను నాతడు, తనది కాని తరుగును పూడ్చుటకు ఒప్పుకొనలేదు. 2003లో సంస్థవారు అతని ఒడంబడికను రద్దుచేసిరి. అతడు పెట్టిన సొమ్ము పోయెను. భద్రపరచిన కాగితములు మాత్రము మిగిలెను. 2009లో కంప్యూటర్ వీక్లీ అను పత్రిక ఏడుగురి కథలను ప్రకటించెను. ఆ సంవత్సరమే ఫెన్నీ కాంప్టన్ అను పల్లెలోని ఊరి సభాభవనమున బాధితులు కొందరు తొలిసారి కలిసికొనిరి. నీ యొక్కనికే అను మాటలోని బూటకము ఆ గదిలో బయటపడెను.

తుదకు 555 మంది కలిసి వ్యాజ్యము వేసిరి. 2019 డిసెంబరులో న్యాయమూర్తి పీటర్ ఫ్రేజర్ తీర్పు చెప్పుచు, హొరైజనులో దోషములు కలవనియు, తరుగులకు అవి కారణము కాగలవనియు, అంగడివానికి తెలియకుండ కంపెనీవారు దూరమునుండియే అతని లెక్కను దిద్దగలిగియుండిరనియు నిర్ణయించెను. 5 కోట్ల 77 లక్షల 50 వేల పౌనులకు రాజీ కుదిరెను గాని, అందధికభాగము వ్యాజ్యపు ఖర్చులకే పోయెను. 2021 ఏప్రిల్ 23న అప్పీలు న్యాయస్థానము జో హామిల్టన్‌తో కూడ 39 మంది శిక్షలను కొట్టివేసెను. 2024 జనవరిలో ఈ కథ టెలివిజనులో నాటకముగా రాగా దేశమంతయు కదలెను. ఆ మే నెలలో పార్లమెంటు చట్టము చేసి తక్కిన శిక్షలలో పెక్కింటిని ఒక్కపెట్టున రద్దుచేసెను. అప్పటికే కొందరు చనిపోయిరి. బిడ్డలు దొంగబిడ్డలనిపించుకొనిరి, ఇండ్లు అమ్ముడుపోయెను.

యంత్రమును నిందించుట ఈ చరిత్ర యొక్క సారము కాదు. చేతివ్రాతలోను తప్పులు దొర్లును; యంత్రము పదిమంది పనిని క్షణములో చేయును. అయితే లెక్కకు బాధ్యుడైనవానికి లెక్కను చూచు హక్కు కూడ ఉండవలెను. జవాబుదారీ యొకరిది, తాళపుచెవి మరియొకరిది యైనచోట న్యాయము నిలువదు. నేడు మన ఊళ్లలోను అంగడివారు ఫోనులో జమ చూచుకొనుచున్నారు. రైతులు, పొదుపు సంఘముల స్త్రీలు కంప్యూటరు కాగితము పట్టుకొని తిరుగుచున్నారు. సౌకర్యమును విడువనక్కరలేదు. దినమున కొక్కమారు స్వహస్తముతో నాలుగు పద్దులు వ్రాసి, రసీదులు దాచుకొనినచో చాలును. నాడు ఫెన్నీ కాంప్టను చేరినవారికి, దాచిన కాగితమును, తమవంటి మరియొకని తోడును దప్ప వేరు బలము లేకుండెను.