ప్రాచీన యూదు బాలవిద్యలో పరహిత ధర్మం: బడి పుట్టుక, నియమాలు, పాఠ్యం

వ్యాససంగ్రహం

తోటివారి పట్ల మెలగవలసిన తీరును ప్రాచీన యూదు సమాజం పిల్లలకు ఎట్లా అలవరచిందో తాల్ముద్ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ ధర్మం పాఠ్యంలోనే కాక బడి ఏర్పాటులోనూ ఇమిడి ఉన్నదని ఇందులో ప్రతిపాదించడం జరిగింది.

కీలకపదాలు: యూదు విద్య, తాల్ముద్, లేవీయకాండము, అనాథలు, బాలవిద్య.

1. ఉపోద్ఘాతం

బిడ్డలకు ధర్మశాస్త్రం నేర్పే బాధ్యతను ద్వితీయోపదేశకాండము తండ్రిపై ఉంచింది. అయితే తండ్రి లేని బిడ్డకు నేర్పేదెవరు? బబులోను తాల్ముద్‌లోని 'బావా బత్రా' భాగం బడుల పుట్టుకను ఈ ప్రశ్నతోనే ముడిపెట్టింది.

2. బడి పుట్టుక

ఆ కథనం ప్రకారం తొలినాళ్లలో తండ్రి ఉన్నవారికే చదువు అబ్బింది. యెరూషలేములో ఉపాధ్యాయులను నియమించినా, అక్కడికి తీసుకువెళ్లే తండ్రి లేనివారు వెనుకబడే ఉన్నారు. ఆపై ప్రాంతానికొక ఉపాధ్యాయుని నియమించి 16, 17 ఏళ్లవారిని చేర్చుకొన్నారు. గురువు కోపగిస్తే ఆ వయసువారు ఎదురుతిరిగి వెళ్లిపోయేవారు. చివరకు యెహోషువ బెన్ గమ్లా ఊరూరా ఉపాధ్యాయులను నియమించి, 6, 7 ఏళ్లకే పిల్లలను బడిలో చేర్చే ఏర్పాటు చేశాడు. ఇతడు సా.శ. 70లో యెరూషలేము ఆలయం ధ్వంసం కావడానికి కొద్ది ఏళ్ల ముందు ప్రధాన యాజకుడుగా ఉన్నవాడు.

యెరూషలేము తాల్ముద్ మాత్రం పిల్లలను బడికి పంపే కట్టడిని అంతకు పూర్వుడైన షిమోన్ బెన్ షేతహ్‌కు ఆపాదించింది. పైగా ఈ కథనాలు గ్రంథస్థమైనది శతాబ్దాల తరువాత. కనుక వీటిని జరిగినది జరిగినట్లు చెప్పే చరిత్రగా కాక, ఆ సమాజం తన బడిని ఏ విధంగా గుర్తుంచుకోదలచిందో తెలిపే సాక్ష్యంగా గ్రహించాలి. ఆ జ్ఞాపకానికి కేంద్రం అనాథ బాలుడు.

3. బడి నియమాలు

4వ శతాబ్దికి చెందిన పండితుడు రావా 25 మంది పిల్లలకు ఒక గురువు ఉండాలన్నాడు. 40 మంది ఉంటే ఊరి ఖర్చుతో సహాయకుని, 50 మంది అయితే రెండవ గురువును నియమించాలి. చదువు కోసం పిల్లలను ఒక ఊరినుంచి మరో ఊరికి పంపరాదు. నది అడ్డువస్తే సరైన వంతెన ఉండాలి. ఇరుకైన పలక చాలదు.

షముయేల్ బర్ షీలత్ అనే ఉపాధ్యాయునితో రవ్ అనే ఆచార్యుడు, కొట్టవలసి వస్తే చెప్పు వారుతో మాత్రమే కొట్టమన్నాడు. నేటి దృష్టిలో ఇదీ హింసే. అయినా దండనకు హద్దు గీయాలన్న స్పృహ ఇందులో కనిపిస్తుంది.

4. పాఠ్యం

పిల్లల పఠనం లేవీయకాండముతో మొదలయ్యే ఆచారాన్ని 'లేవీయ రబ్బా' ప్రస్తావించింది. బలివిధులతో ఆరంభమయ్యే ఆ గ్రంథంలోని 19వ అధ్యాయం దైనందిన వ్యవహారాలను నిర్దేశిస్తుంది. పొలం అంచుల పంటను పేదలకు, పరదేశులకు విడిచిపెట్టాలి. కూలివాని కూలిని తెల్లవారేదాకా అట్టిపెట్టుకోరాదు. వినలేనివానిని దూషించరాదు, చూపు లేనివాని దారిలో అడ్డు పెట్టరాదు. పొరుగువానిని ప్రేమించాలన్న ఆజ్ఞ వీటి సరసనే ఉంది. అంటే పిల్లవానికి ప్రేమ మనోభావంగా కన్నా ముందు చేయవలసిన, చేయకూడని పనుల వరుసగా పరిచయమైందన్నమాట.

మాటతో చేసే అన్యాయాన్ని కూడా మిష్నా నిషేధించింది. యూదు మతం స్వీకరించినవారి సంతానానికి పూర్వుల నడతను గుర్తుచేసి నొప్పించరాదు. పదిమందిలో ఒకరిని సిగ్గుపరచడాన్ని తాల్ముద్ రక్తపాతంతో సమానంగా ఎంచింది.

5. ఉపసంహారం

అనాథను లోపలికి తెచ్చుకొన్న ఈ బడి ఆడపిల్లలను వెలుపలే ఉంచింది. సంప్రదాయ యూదు బాలికల కోసం బైస్ యాకోవ్ పాఠశాలలు 1917లో క్రాకోవ్ నగరంలో సారా షెనిరెర్ చొరవతో మొదలయ్యాయి. కాబట్టి పరహిత బోధను పరిశీలించేటప్పుడు పాఠంలో ఏమున్నదన్నదే కాక, ఆ పాఠం వినే అవకాశం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదన్న అంశాన్ని కూడా చరిత్రకారులు పరిగణించవలసి ఉంది.