లెటీసియా: నది ఒడ్డున మూడు దేశాల ముడి

కొలంబియా, పెరూ, బ్రెజిల్ దేశాలు మూడూ కలిసే చోట, అమెజాన్ నది ఒడ్డున లెటీసియా అనే చిన్న పట్టణం ఉంది. కొలంబియాలోని అమెజోనాస్ ప్రాంతానికి ఇదే ముఖ్యపట్టణం. అయినా రాజధాని బొగోటా నుండి ఇక్కడికి రోడ్డు లేదు. పొరుగుదేశమైన బ్రెజిల్‌లోని టబటింగాకు మాత్రం వీధి దాటితే చాలు!

విచిత్రమేమంటే, 1867లో ఈ ఊరిని నెలకొల్పినవారు పెరూ వారు. 1922లో లీమాలో కుదిరిన సాలమోన్–లొసానో ఒడంబడికతో ఇది కొలంబియా పాలయింది. అప్పగింత 1930లో జరిగింది. ఎక్కడో రాజధానిలో గీసిన ఆ గీత పెరూలోని లొరేతో ప్రాంతీయులకు మింగుడు పడలేదు. 1932 సెప్టెంబరు 1న వారిలో కొందరు ఆయుధాలతో వచ్చి, కొలంబియా అధికారులను వెళ్ళగొట్టి ఊరిని ఆక్రమించారు. మొదట తటపటాయించిన పెరూ ప్రభుత్వం తరువాత వారికి అండగా నిలిచింది.

తన ఊరిని చేరుకోవడానికి కొలంబియాకు దారి లేదు. దాని నౌకలు అట్లాంటిక్ సముద్రం చుట్టివచ్చి, బ్రెజిల్ మీదుగా అమెజాన్‌కు ఎదురీదవలసి వచ్చింది. ఇంతలో 1933 ఏప్రిల్ 30న పెరూ అధ్యక్షుడు సాంచెజ్ సెర్రో హత్యకు గురయ్యాడు. తరువాత వచ్చిన బెనావిదెస్ సంధికి మొగ్గాడు.

అప్పుడు జరిగినది చరిత్రలో అరుదైన సంగతి. 1933 జూన్ నుండి ఏడాదిపాటు ఈ అడవి పట్టణాన్ని నానాజాతి సమితి నియమించిన సంఘం పాలించింది. కాపలా సైనికులు కొలంబియా వారే, ఆజ్ఞలు మాత్రం సమితివి. మంచూరియాలో చేతులెత్తేసిన సమితికి ఇక్కడ దక్కిన విజయమిది. 1934లో రియో ఒప్పందంతో ఊరు తిరిగి కొలంబియాకు చేరింది.

కథ అంతటితో ముగిసిందా? లేదు. ఇక్కడ సరిహద్దు నదిలోని లోతైన పాయను అనుసరిస్తుంది. నది ఒకచోట ఉండదు గదా! ఒండ్రు మేటవేసి కొత్త లంకలు పుడుతున్నాయి, ప్రవాహం లెటీసియా రేవుకు దూరమవుతోంది. అటువంటి లంకపైనున్న సాంతా రోసాను పెరూ 2025లో ప్రత్యేక జిల్లాగా ప్రకటించగా, కొలంబియా అధ్యక్షుడు పేత్రో అభ్యంతరం తెలిపాడు.

ఈ దేశాలేవీ పుట్టకముందే ఈ నదీతీరాన తికూనా జాతివారు ఉన్నారు. నేడు వారు మూడు దేశాల పౌరులుగా చీలిపోయి ఉన్నారు. ఏ ఒడంబడికలోనూ వారి సంతకం లేదు.