కొండను ముక్కలు చేసిన మాటలు

పాఠ్యపుస్తకంలో సహజ వనరుల పాఠం తెరిస్తే మొదట కనిపించేది విభజన. నేల, నీరు, అడవులు, ఖనిజాలు ఒక్కొక్కటి ఒక్కో శీర్షిక కింద ఉంటాయి. తరిగిపోయే వనరులు, తరగని వనరులు అని మరో విభజన. పరీక్షకు ఇది సరిపోతుంది, పిల్లలు నేర్చుకోవలసిందే. అయితే కొండమీద పుట్టి పెరిగిన మనకు ఈ విభజన ఇంకో రకంగా కూడా తెలుసు. చెట్టు అటవీ శాఖది, రాయి గనుల శాఖది, నీరు నీటిపారుదల శాఖది, భూమి రెవెన్యూ శాఖది. ఒకే కొండ నాలుగు ఆఫీసుల్లో నాలుగు పేర్లతో ఉంటుంది. ఇది శాస్త్రం చేసిన విభజన కాదు, నూట యాభై ఏళ్లుగా చట్టాలు చేసినది. కొత్త పేరు పెట్టిన ప్రతిసారీ మనవాళ్ల చేతిలోంచి ఏదో ఒకటి జారిపోయింది. ఆ చరిత్రను పర్యావరణ పాఠంతో కలిపి చదవాలన్నది మా ఉద్దేశం.

పోడుతో మొదలుపెడదాం. ఎందుకంటే మన మీద వచ్చిన మొదటి నింద అదే.

కొండవాలులో ఒక ముక్కను ఎంచుకుని, ఎండలు ముదరకముందే పొదలు, చిన్న చెట్లు నరికి ఆరబెడతారు. ఇప్ప, చింత, మామిడి, జీలుగ వంటి చెట్లను వదిలేస్తారు. వానలకు ముందు కాలుస్తారు. బూడిదలో పొటాష్, సున్నం ఉంటాయి, పుల్లగా ఉన్న కొండనేలకు అదే ఎరువు. తొలి వాన పడగానే సామ, కొర్ర, చోడి, జొన్న, కంది కలిపి చల్లుతారు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికి వస్తుంది. వేళ్లు, మొదళ్లు నేలలోనే ఉంటాయి కాబట్టి వాలు మీద మట్టి అంత తేలిగ్గా జారదు. రెండు మూడు పంటలు తీసి ఆ ముక్కను వదిలేస్తారు. ఆ మొదళ్ల నుంచే మళ్లీ చిగుళ్లు వచ్చి అడవి లేస్తుంది. పదీ పదిహేనేళ్లకు గానీ అక్కడికి తిరిగి వెళ్లరు. పోడు నిలిచేది ఈ విశ్రాంతి మీదే. విశ్రాంతి లేని పోడు పోడు కాదు, అది నేలను తినేయడమే.

మన తాతలు ఇదంతా పర్యావరణ శాస్త్రం చదివి చేశారని గొప్పలు చెప్పుకోనక్కరలేదు. కొత్తల పండుగ కాకుండా కొత్త కాయ నోట పెట్టకూడదన్నారు. దేవత ఉన్న చోట గొడ్డలి వేయకూడదన్నారు. కారణం అడిగితే దేవుడికి కోపం వస్తుందనే చెప్పేవారు. ఫలితం మాత్రం కాయ పండి గింజ రాలడం, ఊట మీద చెట్టు నిలవడం.

ఇక చట్టాల సంగతి. తెల్లదొరలకు అడవి విలువ తెలిసింది ఎక్కువగా రైలు పట్టాల వల్ల. పట్టాల కింద వేసే దుంగలకు గట్టి కలప కావాలి. 1864లో అటవీ శాఖ ఏర్పడింది, 1865లో, 1878లో చట్టాలు వచ్చాయి, మద్రాసు రాష్ట్రానికి 1882లో వేరే అటవీ చట్టం వచ్చింది. 'రిజర్వు' అనే మాట మన ఊళ్లకు చేరింది ఇలాగే. ఒక అడవిని రిజర్వు చేస్తున్నామని ప్రకటన వేస్తారు. హక్కులున్నవాళ్లు గడువులోగా వచ్చి చెప్పుకోవాలి. చెప్పుకోని హక్కు రద్దయిపోతుంది. చదువులేని కొండవాళ్లకు, మైదానంలో అచ్చయిన కాగితానికి మధ్య ఎంత దూరమో మీరే ఊహించండి. తరతరాల వాడుక అంతా ఒక్క గడువు దాటేసరికి నేరమైంది.

అంతకుముందే ఒక చెట్టు గురించి యుద్ధం జరిగింది. రంప తిరుగుబాటు అనగానే పుస్తకాలు ముఠాదార్ల గొడవ దగ్గర ఆగిపోతుంటాయి. ముఠాదార్లకు మన్సబుదారుతో తగాదా ఉన్నమాట నిజం. వడ్డీ వ్యాపారులు కోర్టు డిక్రీలతో పశువులను తోలుకుపోవడం నిజం, పోలీసుల దోపిడీ నిజం. అయినా వీటన్నిటి నడుమ నిలబడింది కల్లుచెట్టు. ఎండాకాలంలో ఇంట్లో గింజలు అయిపోయినప్పుడు జీలుగ కల్లు, తాటికల్లు ఆకలి తీర్చేవి. మైదానంవాళ్లకది మత్తు, కొండమీద అది ఆ నెలల తిండి. రంప మన్సబుదారు చిగురుపన్ను పేరుతో దానిమీద ముందే వసూలు చేసేవాడు. తర్వాత వచ్చిన అబ్కారీ నిబంధన ఇంటి వాడకానికి కూడా కల్లు గీయకూడదంది. ఆ హక్కును గుత్తేదార్లకు అప్పగించింది. తాత నాటిన చెట్టు ఎక్కాలన్నా ఎవరో తెలియని గుత్తేదారుకు డబ్బు కట్టాలి. 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో మొదలైన తిరుగుబాటు గూడెం కొండలకు, భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. అణచడానికి సైన్యం రావలసి వచ్చింది.

రేకపల్లికి ఎందుకు పాకిందన్నది మరీ ముఖ్యం. ఆ ప్రాంతం 1874 వరకు సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండేది. అక్కడ పోడుకు గొడ్డలి లెక్కన కొద్దిపాటి పన్ను, పెద్దగా అడ్డంకులు లేవు. మద్రాసు కిందకు మారాక పన్ను దాదాపు మూడింతలైంది, కొన్ని చోట్ల పోడే వద్దన్నారు. కొండ మారలేదు, మనుషులు మారలేదు, సరిహద్దు గీత మాత్రం మారింది. ఆ రేకపల్లి ఉన్న వర రామచంద్రపురం మండలాన్నే 2014లో మళ్లీ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చారు, ఈసారి పోలవరం ముంపు కోసం.

పోడు అడవిని పాడుచేస్తుందన్న మాట దగ్గరికి మళ్లీ వద్దాం. రిజర్వు గీత గీశాక జరిగినదేమిటి? తిరగడానికి ఉన్న కొండ సగమైంది, తినే నోళ్లు తగ్గలేదు. పదిహేనేళ్ల విశ్రాంతి ఎనిమిదేళ్లయింది, తర్వాత నాలుగైంది. మొదళ్లు చచ్చాయి, మట్టి కొట్టుకుపోయింది, రాళ్లు తేలాయి. ఆ రాళ్లను చూపించి పోడు చెడ్డదని రాశారు. విశ్రాంతి కాలాన్ని తగ్గించింది ఎవరో ఆ రాతల్లో అరుదుగా కనిపిస్తుంది. ఉపాధ్యాయ మిత్రులు నేలకోత గురించి చెప్పేటప్పుడు ఈ కారణాన్ని కూడా చెప్పాలని మా కోరిక. లేకపోతే తరగతిలో కూర్చున్న పిల్లవాడు తన తండ్రే అడవికి శత్రువు అనుకుని ఇంటికి వెళ్తాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, ఆ తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద జరిగిన దాడుల వెనుక కూడా పోడు ఆంక్షలు, పశువుల మేతకు అడ్డంకులు, నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేసిన రోడ్డు మీద సరిగా కూలి ఇవ్వని చాకిరీ ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు పేరుతో ఇప్పుడు జిల్లానే ఉంది, సంతోషం. గాం గంటం దొర, గాం మల్లు దొర పేర్లు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? జైలు శిక్ష అనుభవించిన మల్లు దొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారన్నది ఎంతమందికి తెలుసు? గోదావరికి ఆవల నైజాం రాజ్యంలోనూ కథ ఇదే. అడవి రిజర్వు చేసి గోండు, కోలాం గూడేలను ఖాళీ చేయించారు. కొమరం భీం 1940లో జోడేఘాట్ దగ్గర చనిపోయాకే నైజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ వంటి పండితుడి మాట విన్నది, మర్లవాయిలో బడి, కొందరికి పట్టాలు వచ్చాయి. నీరు, అడవి, భూమి మూడింటినీ కలిపి అడిగిన పోరాటం అది. ఆ మూడూ ఒక్కటేనని భీం అనుచరులకు ఎవరూ పాఠం చెప్పలేదు.

ఇప్పుడు వెదురు. ఒక మాటతో ఎంత పని జరుగుతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది. వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డిజాతి మొక్క, వరికి, సామకు చుట్టం. 1927 నాటి భారత అటవీ చట్టం మాత్రం చెట్టు అనే మాటలో తాటిజాతిని, వెదురును, మోడులను, పొదలను, పేమును కూడా చేర్చింది. చెట్టయితే కలప, కలపయితే ప్రభుత్వానిది. బుట్టలు, చేటలు అల్లి సంతలో అమ్ముకునేవాడు నాలుగు గడలు కొడితే దొంగ అయ్యాడు. అదే సమయంలో సిర్పూరు దగ్గర 1938లో స్థాపించిన కాగితపు మిల్లుకు, అటు రాజమండ్రి మిల్లుకు అడవుల వెదురు తరలింది. మిల్లు వచ్చాక కొత్తపేట అనే ఊరు కాగజ్‌నగర్ అయింది. గడ్డి చెట్టు కావడానికి ఒక్క నిర్వచనం చాలింది, తిరిగి గడ్డి కావడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును తేనె, లక్క, తునికాకులతోపాటు చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చి మనకు హక్కు ఇచ్చింది. 2017లో 1927 చట్టం నుంచి కూడా వెదురు అనే మాట తీసేశారు. అయితే ఈ సవరణ అడవి బయట పెంచే వెదురుకే పనికొస్తుంది. అడవిలోని వెదురుకు మన ఆధారం 2006 చట్టమే. యువకులు ఈ తేడా గుర్తుంచుకోవాలి, చెక్‌పోస్టు దగ్గర అవసరమవుతుంది.

చెట్టు తర్వాత రాయి. అనంతగిరి, అరకు, చింతపల్లి వైపు ఎత్తయిన కొండల నెత్తిన బాక్సైట్ ఉంది. లక్షల ఏళ్ల వానలు కొండరాయిలోని ఇసుకపాలును కడిగేయగా అల్యూమినియం పాలు మిగిలి ఏర్పడిన పొర అది. దాన్నిండా సన్నని రంధ్రాలు. వాననీటిని స్పాంజిలా పీల్చుకుంటుంది. కిందనున్న బంకమట్టి పొర దగ్గర ఆ నీరు ఆగి, పక్కలకు జరిగి కొండ నడుము దగ్గర ఊటగా బయటికొస్తుంది. మండువేసవిలో కూడా మన గెడ్డల్లో నీరు పారుతుందంటే కారణం ఇదే. గనుల పటంలో ఆ పొర ఖనిజం. మన ఊరికి అది నీళ్లకుండ. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది తాటిపూడి జలాశయం నింపుతుంది, ఆ నీరు విశాఖపట్నం కుళాయిల్లోకి వెళ్తుంది. అంటే ఇది కొండవాళ్ల గొడవ ఒక్కటే కాదు.

బొర్రా పరిసరాల్లో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. 1997 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనమందరం చదవవలసినది. గిరిజనేతరులకు భూమి బదిలీ చేయరాదన్న 1/70 నిబంధనలో 'వ్యక్తి' అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని కోర్టు చెప్పింది. కాబట్టి షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదు. ఇంతకాలం మాటలు మనకు వ్యతిరేకంగా పనిచేస్తే, ఇక్కడ ఒక మాట మన వైపు తిరిగింది. తర్వాత ప్రభుత్వ సంస్థే తవ్వి ప్రైవేటు కర్మాగారాలకు ఇచ్చే ఒప్పందాలు వచ్చాయి. మన ఊళ్లు ఏళ్ల తరబడి వ్యతిరేకించాయి. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆ బాక్సైట్ లీజులను రద్దు చేసింది. సరిహద్దుకు అవతల ఒడిశాలో ఇలాంటి కొండే నియమగిరి. అక్కడ 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మీద పన్నెండు గ్రామసభలు జరిగితే పన్నెండూ తవ్వకం వద్దన్నాయి.

2006 చట్టం కింద మనవాళ్లు ఎక్కువగా అడిగింది వ్యక్తిగత పట్టాలు, అంటే ఫారం-ఎ. ఆకలి ఉన్నవాడు ముందు తన చెక్క అడగడం న్యాయమే. కానీ ఆ చట్టంలోనే ఊరి మొత్తానికి అడవిని కాపాడుకుని వాడుకునే హక్కు ఉంది, దానికి ఫారం-సి. ఈ హక్కులో కొండ మళ్లీ ఒక్కటిగా కనిపిస్తుంది. అందులో సరిహద్దు గ్రామాలు, గుర్తులు రాయాలి, పటం జతచేయాలి. 1882 నాటి ప్రకటనకు తెలియని రుజువులను నిబంధనలు ఇప్పుడు ఒప్పుకుంటున్నాయి: పాత బావులు, శ్మశానాలు, దేవుడి స్థలాలు, హక్కు అడుగుతున్నవారు కాని పెద్దల నోటిమాట రాసుకున్న వాంగ్మూలం. ఏ గెడ్డ దగ్గర ఊరి పొలిమేర మొదలవుతుందో, ఏ ఊట పక్కన గంగమ్మ రాయి ఉందో, ఏ గుట్టమీద ఎవరి తాత పోడు కొట్టాడో చెప్పగలవాళ్లు ఒక్కో ఊళ్లో నలుగురైదుగురే మిగిలారు. బడిలో సహజ వనరుల పాఠం వచ్చే నెలలోనే పిల్లలను వాళ్ల దగ్గరికి తీసుకెళ్లి ఆ పేర్లు రాయించి, తేదీ వేసి, వేలిముద్రలు తీసుకుని, ఆ కాగితాన్ని గ్రామసభ పుస్తకంలో పెట్టించవచ్చు.